బోటుకు చార్ట్‌ప్లాటర్, సోనార్ కొనబోతున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో గానీ, గండికోట, మైలవరం, పీఏబీఆర్ లాంటి చోట్ల గానీ బోటు తిప్పేవాళ్ళు, చేపల వేటకు పోయేవాళ్ళు జీపీఎస్ చార్ట్‌ప్లాటర్ (బోటు ఎక్కడుందో మ్యాప్ మీద చూపేది), సోనార్ (శబ్దంతో నీటి లోతు కొలిచేది) కలిసిన మిషన్ కొనాలనుకుంటే ఒక్క నిమిషం ఆగండి. కర్నూలులో ఒక దుకాణంలో మేం 40 వేల పైచిలుకు పోసి అలాంటిది కొన్నాం. నీళ్ళ కింద ఏముందో తెలుసుకోవడానికి కొంటే, అది ఒక్కటే తెలియలేదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి దుకాణం పేరు రాయడం లేదు. ఏం చెప్పి అమ్మారో మాత్రం దాచకుండా చెబుతాను. అవే మాటలు రేపు మీకూ చెబుతారు.

మాది చిన్న ఫైబర్ బోటు, అవుట్‌బోర్డ్ ఇంజన్. శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో సంగమేశ్వరం వైపు తిరుగుతాం. ఆ నీళ్ళు తెలిసినవాళ్ళకు మా టెన్షన్ ఎందుకో చెప్పక్కర్లేదు. శ్రీశైలం డ్యాం నిండితే మట్టం 885 అడుగులు. ఎండాకాలానికి 840 దగ్గరికి, ఒక్కో ఏడు ఇంకా కిందికి పోతుంది. సంగమేశ్వర ఆలయం బయటపడేది అప్పుడే. అంటే ఒకే చోట నీటి లోతు ఏడాదిలో 40 అడుగులకు పైగా మారిపోతుంది. మునిగిన ఊళ్ళ గోడలు, చెట్ల మోళ్ళు, రాతి గుట్టలు అన్నీ ఆ నీళ్ళ కిందే ఉన్నాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో వాటి మీదుగా హాయిగా పోయిన బోటు ఫిబ్రవరిలో అదే దారిన పోతే ప్రొపెల్లర్ విరుగుతుంది. వేగం మీద ఉంటే మనుషులే నీళ్ళలో పడతారు. పగలైతే ముందు కూర్చున్న మనిషి గడతో లోతు చూస్తూ ఉంటాడు. చీకట్లో, మంచు పట్టిన తెల్లవారుజామున అది చాలదు. అందుకే మిషన్ కోసం వెళ్ళాం.

దుకాణంలో ఆన్ చేయగానే స్క్రీన్ మీద చేపలు కదులుతున్నాయి, లోతు అంకె మారుతోంది, పక్కన రంగురంగుల గీతలతో ఒక పెద్ద చెరువు మ్యాప్. "ఇండియా మొత్తం ఉంటాదన్నా దీంట్లో. డ్యాములు గూడా ఉంటాయి. ముందర రాయి వస్తే అలారం కొడతాది" అన్నాడు అమ్మే అబ్బాయి. మేం చూసినదంతా డెమో అని అతను చెప్పలేదు. చాలా కంపెనీల మిషన్లలో సిమ్యులేటర్ అనో, డెమో అనో ఒక సెట్టింగు ఉంటుంది. నీళ్ళు లేకుండా, ట్రాన్స్‌డ్యూసర్ (నీళ్ళలోకి శబ్దం పంపి, తిరిగొచ్చేది పట్టే సోనార్ భాగం) తగిలించకుండా కూడా అందులో చేపలు కనిపిస్తాయి. కాబట్టి దుకాణంలో మీరు చేయాల్సిన మొదటి పని, ఆ డెమో ఆపించడం. ఆపాక మ్యాప్‌ను మీరు తిరిగే జలాశయం దగ్గరికి జరిపించి, దగ్గరగా జూమ్ చేయించి లోతు అంకెలు ఉన్నాయో లేదో మీ కళ్ళతో చూడండి. కొన్ని కంపెనీల చార్టులు, అంటే లోతు మ్యాపులు, ఇంటర్నెట్‌లోనే ఉచితంగా చూడొచ్చు. ఇంట్లో కూర్చునే ఈ పని అయిపోతుంది.

మా మిషన్‌ను బోటుకు బిగించి సంగమేశ్వరం దగ్గరికి పోతే స్క్రీన్ మీద బోటు గుర్తు ఉంది, చుట్టూ ఖాళీ. ఒక్క లోతు అంకె లేదు. తర్వాత తెలిసిందేమంటే, అది అమెరికా మార్కెట్ కోసం తయారైన మోడల్, లోపల ఉన్నవి అక్కడి సరస్సుల మ్యాపులు. దుకాణానికి ఫోన్ చేస్తే, ఇండియా మ్యాప్ కార్డు వేరే కొనుక్కోవాలన్నారు. ఆ కార్డు వివరాలు తెప్పించి చూస్తే అది సముద్ర తీరం చార్టు. మన దేశపు సముద్ర చార్టులు తయారుచేసేది డెహ్రాడూన్‌లో ఉన్న నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్. కాకినాడలోనో కృష్ణపట్నంలోనో సముద్రం మీదికి పోయేవాళ్ళకు అలాంటి చార్టు ప్రాణం లాంటిది. సంగమేశ్వరంలో తిరిగే మనకు దాంతో ఏం పని?

పైగా మన జలాశయాలకు అచ్చువేసిన లోతు మ్యాప్ దొరికినా, అది ఏ మట్టం దగ్గర కొలిచిందో తెలియకపోతే ప్రమాదమే. డ్యాం మట్టం 870 అడుగులు ఉన్నప్పుడు ఒక రాయి మీద 20 అడుగుల నీళ్ళు ఉన్నాయనుకోండి. మట్టం 855కి పడిపోతే దాని మీద మిగిలేది 5 అడుగులే. అందుకని మనకు పనికొచ్చేది సొంతంగా మ్యాప్ గీసుకునే సౌకర్యం. గార్మిన్ కంపెనీ మిషన్లలో క్విక్‌డ్రా, హమ్మిన్‌బర్డ్‌లో ఆటోచార్ట్ లైవ్, లోరెన్స్‌లో జెనెసిస్ లైవ్ అని ఉంటాయి. బోటు పోతున్న కొద్దీ జీపీఎస్ స్థానాన్నీ సోనార్ లోతునూ కలిపి మిషనే గీతలు గీస్తుంది. చార్టులు లేకుండా జీపీఎస్, సోనార్, ఈ గీసే సౌకర్యం మాత్రమే ఉన్న చిన్న మోడళ్ళు తక్కువ ధరకే వస్తాయి. ఏ రోజు గీశారో ఆ రోజు డ్యాం మట్టం ఒక పుస్తకంలో రాసుకోండి. మిషన్‌లో కొలతను అడుగుల్లో పెట్టుకోండి, ఎందుకంటే మనకు డ్యాం మట్టం చెప్పేది అడుగుల్లోనే. ఆ అబ్బాయి ఈ సంగతి ఒక్క ముక్క చెప్పి ఉంటే మా డబ్బు సగం మిగిలేది.

ఇక "రాయి వస్తే అలారం" అన్న మాట గురించి. నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే, ఎందుకంటే దీన్ని నమ్మితే ప్రాణం పోతుంది. మామూలు సోనార్ చూసేది బోటు కిందనే, ముందుకు కాదు. ట్రాన్స్‌డ్యూసర్ శబ్దాన్ని కిందికి పంపుతుంది, అడుగున తగిలి తిరిగొచ్చిన సమయాన్ని బట్టి లోతు లెక్కకడుతుంది. ఆ శబ్దం గరాటులా విచ్చుకుంటూ దిగుతుంది. ఆ విచ్చుకోవడం 20 డిగ్రీలు అనుకుంటే, 10 మీటర్ల లోతులో అది చూసేది అడుగున మూడున్నర మీటర్ల గుండ్రటి చోటును మాత్రమే. లోతు తక్కువైన కొద్దీ ఆ చోటు ఇంకా చిన్నదవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే బోటు సెకనుకు ఐదున్నర మీటర్లు దాటుతుంది. అలారం మోగేసరికి రాయి మీద ఉంటాం. ముందుకు చూసే సోనార్ వేరే రకం, దాని ధర చాలా ఎక్కువ.

ట్రాన్స్‌డ్యూసర్ సంగతి మరీ అన్యాయం. కొన్ని మోడళ్ళను ట్రాన్స్‌డ్యూసర్ లేకుండా కూడా అమ్ముతారు, డబ్బా మీద ఆ మాట రాసే ఉంటుంది. మాకు ఇచ్చిన డబ్బాలో అసలుది లేదు. వేరే మోడల్‌ది ఒకటి, మధ్యలో అడాప్టర్ వైరు పెట్టి ఇచ్చారు. ఒడ్డు దగ్గర లోతు సరిగ్గానే వచ్చింది. లోపలికి పోయాక అంకె ఒకచోట ఆగిపోయి మిణుకుమిణుకుమనడం మొదలైంది. చాలా మిషన్లలో దానికి అర్థం, అడుగు దొరకడం లేదు, ఇది చివరిసారి దొరికిన లోతు అని. కింద 4 అడుగులే ఉన్నా స్క్రీన్ మీద 22 అని చూపిస్తూనే ఉంటుంది. మా బోటు నడిపే పెద్దాయన గడ దింపి చూశాడు కాబట్టి బతికిపోయాం. అంకె మిణుకుమంటే వెంటనే వేగం తగ్గించండి.

బిగించేటప్పుడు కూడా ఒకటి చూసుకోండి. ట్రాన్స్‌డ్యూసర్‌ను బోటు వెనక పలక మీద, ప్రొపెల్లర్ నురగకు దూరంగా, ముఖం నేరుగా కిందికి ఉండేలా పెట్టాలి. గాలి బుడగలు తగిలితే సోనార్‌కు ఏమీ తెలియదు. దాన్ని బోటు లోపలి నుంచి అడుగుకు అతికించడం గట్టి ఫైబర్ బోట్లకే కుదురుతుంది, చెక్క బోటుకు, అల్యూమినియం బోటుకు కుదరదు.

ఏడాదికోసారి జీపీఎస్ రీఛార్జి చేయించాలని కూడా మా దగ్గర డబ్బు అడిగారు. జీపీఎస్ సిగ్నల్‌కు రీఛార్జి ఉండదు, అది ఎవరికైనా ఉచితం. సిమ్ వేసిన వాహనాల ట్రాకర్లకు రీఛార్జి ఉంటుంది, చార్టుల అప్‌డేట్లకు ఏడాది చందా ఉంటుంది. దేనికి కడుతున్నారో పేరు పెట్టి అడగండి.

వారంటీ కోసం కంపెనీ సర్వీసును అడిగితే, ఇది ఇక్కడ అమ్మిన మిషన్ కాదు, చేయలేం అన్నారు. దిగుమతి చేసిన ప్యాక్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైంది, ఎంఆర్‌పీ ఉండాలని మన చట్టమే చెబుతోంది. మా డబ్బా మీద ఆ స్టిక్కరే లేదు. స్టిక్కర్ లేని డబ్బాను ఎంత తక్కువకు ఇస్తామన్నా ముట్టుకోకండి. జీఎస్టీ బిల్లులో మోడల్ నంబరు, సీరియల్ నంబరు, ట్రాన్స్‌డ్యూసర్ మోడల్ రాయించుకోండి. నీళ్ళ మీద పనిచేయకపోతే వాపసు తీసుకుంటామని అదే బిల్లు మీద రాసిమ్మనండి.

ఇలాంటిది ఇప్పటికే కొని ఉంటే డబ్బా, అడాప్టర్ వైరు, వాట్సాప్ మాటలు ఏవీ పారేయకండి. ఖాళీ మ్యాప్‌నూ, ఆగిపోయిన అంకెనూ తేదీ కనిపించేలా వీడియో తీసుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు, నష్టం జరిగిన 2 సంవత్సరాల లోపు వేయాలి. మేం వేశాం. కర్నూలులో ఇదే తీరుగా మోసపోయి మిషన్ కొన్నవాళ్ళు ఉంటే మీరూ వేయండి, బిల్లు లేకపోయినా డబ్బు పంపిన యూపీఐ వివరాలు జతచేయండి.