పాలమూరు వంటింట్లో తర్లా దలాల్ పుస్తకాలు

పప్పు, పులుసు నేర్చుకుందామని గుజరాతీ ఆవిడ తర్లా దలాల్ రాసిన వంట పుస్తకాలు కొనకండి. అవి మీకు వచ్చు, మీ అమ్మకు ఇంకా బాగా వచ్చు. మన ఇళ్లల్లో ఎవరూ ఎన్నడూ చేయని వంటలుంటాయి చూడండి, ఎవరిని అడగాలో కూడా తెలియనివి, వాటి కోసమైతే కొనండి.

మాది మహబూబ్‌నగర్, మెట్టుగడ్డ వైపు. సర్కారు బడిలో టీచర్‌ని. నా దగ్గరున్న ఆమె పుస్తకాలన్నీ హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే చోట బేరమాడి కొన్నవే. ఎక్కువ భాగం సన్నటి పుస్తకాలు, ఒక్కోటి ఒక్కో రకం వంట మీద. చాట్ ఒకదాంట్లో, గుడ్డు లేని కేకులు ఒకదాంట్లో, షుగర్ ఉన్నవాళ్ల వంటలు ఇంకోదాంట్లో. నేను కొన్నవి ఇంగ్లీషులోనే ఉన్నాయి కానీ భయపడే ఇంగ్లీషు కాదు. కలుపు, వేయించు, దించు, పక్కన పెట్టు, అంతే.

ఆ రాత అట్లా ఉండడానికి కారణం ఉంది. ఆమె రచయిత్రి కాకముందు పంతులమ్మ. పుణెలో పుట్టి, పెళ్లయ్యాక బొంబాయి వచ్చి, 1966లో తన ఇంట్లోనే వంట క్లాసులు మొదలుపెట్టారు. మొదటి పుస్తకం 1974లో వచ్చింది. 2013లో పోయేనాటికి వందకు పైగా రాశారు. మధ్యలో 2007లో పద్మశ్రీ ఇచ్చారు. బడిలో పాఠం చెప్పేదాన్ని కాబట్టి నాకు బాగా అర్థమైంది, ఎదురుగా కూర్చున్నవాళ్లు ఎక్కడ తికమక పడతారో చూసి చూసి రాసిన పుస్తకాలివి.

వైట్ సాస్ సంగతే చూడండి. వెన్నలో మైదా వేసి పచ్చివాసన పోయేదాకా సన్నమంట మీద వేయించి, తర్వాత పాలు కొంచెం కొంచెంగా పోస్తూ కలపాలి. రెండు టేబుల్ స్పూన్ల వెన్న, రెండు టేబుల్ స్పూన్ల మైదాకు ఒక కప్పు పాలు. పాలు ఒక్కసారే పోస్తే ఉండలు కడుతుంది. ఇది తెలిస్తే పాస్తా వచ్చినట్టే, బేక్ చేసిన కూరగాయలు వచ్చినట్టే. మా అత్తమ్మ గిన్నెలోకి తొంగి చూసి, "ఏందే ఇది, పాలతోని గటక కాసినవా?" అన్నది. చీజ్ తురిమి, మిరియాల పొడి చల్లి పెడితే రెండోసారి అడిగి వేయించుకున్నది. బాగుందని మాత్రం ఒప్పుకోలేదు.

గుడ్డు లేని కేక్ ఈ పుస్తకాలు చేసిన పెద్ద ఉపకారం. శనివారం, మంగళవారం గుడ్డు ముట్టని ఇళ్లు మా కాలనీలో బోలెడున్నాయి, పిల్లల పుట్టినరోజులేమో వారం చూసుకొని రావు. గుడ్డు బదులు మిల్క్‌మెయిడ్ డబ్బా, కొంచెం వంటసోడా. కొన్ని కేకుల్లో సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్ అని రాసి ఉంటుంది. క్లాక్ టవర్ దగ్గరి కిరాణా షాపుల్లో అడిగితే మైదా ప్యాకెట్టే చేతిలో పెడతారు. అదే తీసుకోండి, కప్పు మైదాకు ఒకటిన్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు వేసి జల్లిస్తే అయిపోతుంది. ఓవెన్ లేకపోయినా పర్వాలేదు. కుక్కర్ మూతకు గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి పది నిమిషాలు వేడెక్కనిచ్చి, లోపల స్టాండు పెట్టి గిన్నె దించాలి. ఇది పుస్తకంలోని ఉపాయం కాదు, మా స్టాఫ్‌రూమ్‌ది.

కొలతల దగ్గర మాత్రం ఒక మాట. టేబుల్ స్పూన్ అంటే 15 మిల్లీలీటర్లు, టీస్పూన్ అంటే 5. మన స్టీలు చెంచాలు ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు. కూరలో నడుస్తుంది, బేకింగ్ సోడా దగ్గర నడవదు. పుస్తకంతో పాటు ప్లాస్టిక్ కొలత చెంచాల సెట్టు కూడా కొనుక్కోండి. పెద్ద ఖర్చేం కాదు.

ఇక మా వాడకట్టు ఆడవాళ్ల సంగతి. ఈ పుస్తకాలు ఇచ్చి చూసినప్పుడు నాకు తెలిసిందేమంటే, మనవాళ్లు చదవకముందే మార్చేస్తారు. పక్కింటి వదిన ధోక్లా పేజీ చూసి, "బజ్జీల పిండిని ఆవిరి మీద పెట్టుడేంది వదినా?" అని నవ్వి, చక్కెర తీసేసింది, పచ్చిమిర్చి రెట్టింపు చేసింది. ఈనో పొడి పిండిలో కలిపిపెట్టి ఫోన్ మాట్లాడుకుంటూ కూర్చున్నది. ఈనో కలిపిన వెంటనే ఆవిరికి పెట్టాలి, లేకపోతే పుట్టిన గ్యాసంతా ముందే పోయి ధోక్లా పొంగదు. ఆ చక్కెర కూడా ఊరికే వేసింది కాదు, నిమ్మ పులుపుకు జోడీ. అందుకే నా మాట ఒకటే, తెలియని వంట మొదటిసారి ఉన్నదున్నట్టు చేయండి. రుచి తెలిశాక మీ ఇష్టం. వదిన ఇప్పుడు మంచి ధోక్లా చేస్తుంది, పోపులో నువ్వులు ధారాళంగా వేసి, పక్కన పల్లి చట్నీ పెట్టి. పల్లీలు పండే జిల్లాలో అది లేకుండా ఎట్లా?

కారం విషయంలో నేను కూడా పెన్సిల్ పట్టుకుంటాను. గుజరాతీల నాలుకకు సరిపోయేంత మిర్చి మా ఇంట్లో చిన్నపిల్లల పళ్లెంలోకి పనికొస్తుంది. నేను కొన్న పుస్తకాల్లో ఒకదాని అంచుల్లో అంతకుముందు ఎవరో హిందీలో ఇట్లాంటి రాతలే రాసుకున్నారు. వాటి కింద నా తెలుగు రాతలు చేరాయి.

బాగా కలిసొచ్చింది ఊంధియూ. గుజరాతీలు సంక్రాంతికి చేసుకునే కూర, చిక్కుడుకాయ, కంద, వంకాయ, మెంతికూర ముద్దలతో. మనకూ ఆ రోజుల్లో చిక్కుడు విరగకాస్తుంది కదా. భోగినాడు నువ్వులద్దిన సజ్జ రొట్టెతో పెడితే మా అత్తమ్మ "ఇది మంచిగున్నది" అని నోరు తెరిచి అన్నది. అయితే పని చాలా ఎక్కువ, ఉద్యోగం చేసేవాళ్లు సెలవు రోజునే పెట్టుకోండి.

నచ్చనివి లేకపోలేదు. లెట్యూస్, బేసిల్ లాంటివి పెద్ద ఊళ్లవాళ్లకు దొరుకుతాయేమో, మా రైతుబజార్లో అడిగితే విచిత్రంగా చూస్తారు. వంటలన్నీ శాకాహారమే. మా ఆయన అందుకే "ఆదివారం నాడు ఆ పుస్తకం తెరవకు" అని షరతు పెట్టాడు. జొన్న రొట్టె, పచ్చిపులుసు తిని పెరిగినవాళ్లకు రోజూ పనికొచ్చే పుస్తకాలు కావివి, వారానికోసారి పిల్లల గొడవ తీర్చేవి.

యూట్యూబ్ ఉండగా పుస్తకం దేనికని మా బిడ్డ అడుగుతుంది. వీడియోలో ఉప్పు ఎంతో తెలియాలంటే పిండి చేతులతో వెనక్కి జరుపుతూ ఉండాలి. పుస్తకంలో సామాను మొత్తం పైనే కనిపిస్తుంది, ఏమేం ఉన్నాయో చూసుకొని పొయ్యి వెలిగించొచ్చు. ఖాండ్వి అనే శనగపిండి చుట్టల లాంటివాటికి మాత్రం వీడియోనే మేలు. పిండి ఎంత చిక్కబడ్డాక పళ్లెం మీద పల్చగా రాయాలో రాతలో ఎంత చెప్పినా తెలియదు, కళ్లతో చూడాల్సిందే.

ఒక్కటే కొనేటట్టైతే గుడ్డు లేని కేకులది కొనండి, తర్వాత చాట్. పాత పుస్తకమైతే పేజీలు అన్నీ ఉన్నాయో లేదో అక్కడే తిప్పి చూసుకోండి. నచ్చిన వంట పేజీ చింపుకొని పోయినవాళ్లుంటారు.