అన్నీ కలిపే అన్నారు: అలాస్కాలో సాల్మన్ వేట, లాడ్జివాళ్ళ లెక్కలు

ఆగస్టులో సియాటిల్ నుంచి అలాస్కాకు సాల్మన్ వేటకు వెళ్ళొచ్చాం. నేను, మా మావగారు, మా బావమరిది. చేపల వల్ల ఎంత తృప్తి కలిగిందో, లాడ్జివాళ్ళ లెక్కల వల్ల అంత ఒళ్ళు మండింది. మనవాళ్ళెవరైనా ఇలాంటి చోటికి డబ్బు కట్టేముందు చదవాలని రాస్తున్నాను.

లాడ్జి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ దీవి పడమటి తీరంలో ఉంది. చుట్టూ టాంగస్ అడవి, ఎదురుగా సముద్రం. కెచికాన్ అనే ఊరి నుంచి నీళ్ళ మీద దిగే చిన్న విమానంలో వెళ్ళాలి. మూడు రాత్రులు, మూడు రోజుల వేట, తిండి, బోటు, ఆ చిన్న విమానం అన్నీ కలిపి మనిషికి 3,450 డాలర్లు అన్నారు. 'అన్నీ కలిపి' అన్న మాట నమ్మే కట్టాం.

సియాటిల్ నుంచి కెచికాన్‌కు రెండు గంటలు. విమానాశ్రయం గ్రవీనా దీవిలో ఉంది కాబట్టి ఊళ్ళోకి ఫెర్రీలో దాటాలి. అక్కడివరకూ సాఫీగానే జరిగింది.

మర్నాడు పొద్దున పొగమంచు. ఈ చిన్న విమానాలు కంటికి దారి కనిపిస్తేనే ఎగురుతాయి. ఎగరనందుకు పైలట్‌ను ఒక్క మాట కూడా అనను, అతను చేసిందే సరైన పని. కోపం లాడ్జి మీద. ఫోన్ చేస్తే "వాతావరణానికి మేం బాధ్యులం కాము, ఆ రోజు పోయినట్టే, గది మీరే చూసుకోండి" అన్నారు. ఆ రాత్రి ఊళ్ళో హోటల్ గదికి 289 డాలర్లు మేమే పెట్టుకున్నాం. వాళ్ళ దగ్గర తినని భోజనానికి, పడుకోని మంచానికి కూడా ఒక్క సెంటు తగ్గించలేదు. ఇంత దూరం వెళ్ళేవాళ్ళు ప్రయాణ ఆలస్యానికి డబ్బిచ్చే ఇన్సూరెన్స్ తప్పకుండా తీసుకోండి.

మావగారికి మాత్రం ఆ రోజు వృథా కాలేదు. ఆయనది ఆత్రేయపురం. క్రీక్ స్ట్రీట్ వంతెన మీద నిలబడితే కింద ఏట్లో వందల కొద్దీ పింక్ సాల్మన్‌లు ఎదురీదుతున్నాయి. "మన పులసలు ధవళేశ్వరం దాకా ఎక్కినట్టే ఉందండీ" అన్నారు. గుడ్లు పెట్టాక ఇవి చచ్చిపోతాయని చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. ఒక్క డాలరు ఖర్చు లేకుండా చూడగలిగే గొప్ప దృశ్యం అది. వానలో గొడుగు పట్టుకునైనా వెళ్ళి చూడండి.

ఇక లైసెన్స్ సంగతి. అలాస్కా బయటివాళ్ళకు 3 రోజుల లైసెన్స్ 30 డాలర్లు. కింగ్ అనే పెద్ద రకం సాల్మన్ పట్టాలంటే అదనపు అనుమతి, అంటే స్టాంపు, మరో 30. రెండూ కొనమని బుకింగ్‌లో చెప్పారు. తీరా బోటెక్కాక, ఇప్పుడు బయటివాళ్ళు కింగ్ ఉంచుకోకూడదని కెప్టెన్ చెప్పాడు. చేపల శాఖ ఈ నిబంధనలను సీజన్ మధ్యలో కూడా మారుస్తుంది. అందుకే లాడ్జి మాట వినకుండా, వెళ్ళే వారం శాఖ ప్రకటన మీరే చూసుకుని స్టాంపు కొనండి. ముగ్గురికీ 90 డాలర్లు అనవసరంగా పోయాయి.

కెప్టెన్ మాత్రం బంగారం లాంటి మనిషి. బరువైన సీసపు గుండు కట్టిన తీగతో ఎరను లోతుకు దించి, బోటును నెమ్మదిగా నడుపుతూ కోహో రకం సాల్మన్‌లు పట్టించాడు. కోహో పడితే నీళ్ళలోంచి గెంతుతుంది, దారం లాక్కుని పరిగెడుతుంది. అది పరిగెత్తేటప్పుడు రీలు తిప్పకూడదని, ఆగినప్పుడే తిప్పాలని మావగారికి చేతులతో సైగ చేసి నేర్పాడు. ఆయన మొదటి చేప లాగినప్పుడు ఆ ముఖం చూసి, నిన్నటి రోజు పోయిందన్న బాధ నాకు కాసేపు గుర్తుకే రాలేదు.

సాయంత్రం డాక్ మీద చేపలు కోస్తుంటే మావగారు కంగారుపడిపోయారు. "తలకాయలు సముద్రంలో పారేస్తారేంటండీ!" అని అడ్డుపడి నాలుగు తలలు, పొట్ట ముక్కలు దక్కించుకున్నారు. మొదటి రాత్రి లాడ్జిలో పెట్టింది వెన్న, నిమ్మరసం వేసి కాల్చిన సాల్మన్. బాగానే ఉంది, కానీ చప్పగా ఉంది. రెండో రాత్రి వంటామె పొయ్యి వదిలి ఇచ్చింది. మావగారు వెంట తెచ్చిన చింతపండు, కారం, ఆవకాయ నూనెతో పులుసు పెట్టారు. కోహోకు పులసంత కొవ్వు ఉండదు, ఎక్కువ ఉడికితే విరిగిపోతుంది. అందుకని పులుసు బాగా మరిగాకే ముక్కలు వేసి, తొందరగా దించి, గంటసేపు కదపకుండా ఉంచారు. టెక్సాస్ నుంచి వచ్చిన దంపతులు రెండోసారి అన్నం అడిగి కలుపుకున్నారు. వంటామె కొలతలు రాసుకుంది. ఆ ట్రిప్పు మొత్తంలో నాకు నచ్చిన భోజనం అదే.

బయల్దేరే పొద్దున బిల్లు వచ్చింది. చేపలు కోసి ప్యాక్ చేసినందుకు పౌనుకు 1.75 డాలర్లు. అదీ కోసిన ముక్కల బరువుకు కాదు, మొత్తం చేప బరువుకు. 142 పౌన్లకు 248.50. రెండు పెట్టెలకు 40. బోటు ఇంధనం రోజుకు మనిషికి 75 చొప్పున, మేం అక్కడ లేని రోజుకు కూడా కలిపి, 675. అంతా 963.50 డాలర్లు. బావమరిది కౌంటర్ దగ్గర నుంచి కదల్లేదు. "బోటెక్కని రోజుకు ఇంధనమేంటి బావా?" అని నన్నడిగి, అదే ప్రశ్న ఇంగ్లీషులో మేనేజర్‌ను అరగంట అడిగాడు. చివరికి 225 తగ్గించారు. సారీ అని మాత్రం అనలేదు. గదిలో పెట్టిన టిప్పు కవరు మీద 15 శాతం అని ముందే అచ్చు వేసి ఉంది. మేం ఆ కవరు వాడలేదు. కెప్టెన్‌కు 400, వంటామెకు 100 చేతికే ఇచ్చాం.

నా అభిప్రాయం అడిగితే, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు కెచికాన్‌లోనే ఉండండి. డాక్ దగ్గర మాట్లాడితే 5 గంటల వేటకు మనిషికి 240 డాలర్లు చెప్పారు. వాతావరణం చెడితే మర్నాడు వెళ్ళొచ్చు. లాడ్జికే వెళ్ళాలనుకుంటే ఇంధనం, ప్యాకింగ్, పోయిన రోజు, ఈ మూడింటి లెక్క ముందే ఈమెయిల్‌లో రాయించుకోండి. తలకాయలు మీకు కావాలని మొదటి రోజే చెప్పండి.