బాస్కెట్‌బాల్ జట్టును తిరిగి కట్టడం నేర్పుతామనే కోర్సు: విశాఖ అభిమానులారా, డబ్బు కట్టే ముందు చదవండి

ఓటముల్లో కూరుకుపోయిన బాస్కెట్‌బాల్ జట్టును తిరిగి నిలబెట్టడం ఎలాగో ఆరు వారాల్లో నేర్పుతామంటూ 5,900 రూపాయలకు అమ్ముతున్న ఒక ఆన్‌లైన్ కోర్సు ప్రకటన కొన్ని నెలలుగా మన నగరంలోని కళాశాలల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. 2025 జూలైలో నేను ఆ డబ్బు కట్టాను. నాకు అందినది పాత చింతకాయ పచ్చడి, అందులోనూ సగం తప్పులు. మరొకరు నాలాగా నష్టపోకూడదని జరిగినదంతా వరుసగా రాస్తున్నాను.

ముందు నా బలహీనత ఒప్పుకోవాలి. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం డ్రాఫ్ట్, ఆ ఒక్కో వంతు పిక్. 2010 డ్రాఫ్ట్‌లో జాన్ వాల్‌ను మొదటి పిక్‌గా తీసుకున్ననాటి నుంచి నేను ఆ లీగ్‌లోని వాషింగ్టన్ విజార్డ్స్ అభిమానిని. 1978-79 తర్వాత ఒక్క సీజన్‌లోనూ యాభై విజయాలు చూడని జట్టు అది. 2023-24లో 15 గెలిచి 67 ఓడింది, ఆ తర్వాతి ఏడాది 18 గెలిచి 64 ఓడింది. శీతాకాలంలో వాళ్ళ మ్యాచ్‌లు మన గడియారం ప్రకారం ఎక్కువగా తెల్లవారుజామున అయిదున్నరకు మొదలవుతాయి. ఊరంతా బీచ్ రోడ్డు మీద నడకకు బయలుదేరే వేళకు నేను టీవీ ముందు కూర్చుని ముప్పై పాయింట్ల తేడాతో ఓడిపోవడం చూస్తుంటాను. ఇలాంటి జట్టును వెంటబెట్టుకున్నవాడికి దాన్ని ఎలా బాగు చేయాలన్న ఆలోచన రాకుండా ఉండదు. నా దగ్గర ఆ ఆలోచనలతో నిండిన నోటుపుస్తకం ఒకటి ఉంది. జట్టు యాజమాన్యాలు వాడే పద్ధతిలో జీతాల పట్టిక తయారు చేయడం నేర్పి, మన ప్రణాళికను నిపుణులు చదివి లిఖితపూర్వకంగా అభిప్రాయం చెబుతారని ప్రకటనలో చూసినప్పుడు, ఇది నా కోసమే పెట్టారనుకున్నాను.

ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ కేంద్రం హాలును అద్దెకు తీసుకుని గంటసేపు డెమో పెట్టారు. మాటకారితనం బాగానే ఉంది. అరచేతిలో వైకుంఠం చూపించారు. మూడే సీట్లు మిగిలాయన్నారు, నేను ఆ సాయంత్రమే కట్టాను. మర్నాడు కూడా మూడే సీట్లు మిగిలాయన్న సందేశం వచ్చింది. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది.

ఇక రసీదు సంగతి. ఫీజు 5,000, జీఎస్టీ 900 అని విడివిడిగా రాశారు గానీ, ఆ కాగితం మీద జీఎస్టీ నంబరు ఎక్కడా లేదు. యూపీఐలో డబ్బు వెళ్ళినది సంస్థ పేరున కాదు, ఎవరో వ్యక్తి పేరున. నచ్చకపోతే ఏడు రోజుల్లో డబ్బు వాపసు ఇస్తామన్న హామీ పెద్ద అక్షరాల్లో ఉంది కానీ, మొదటి పాఠం తెరుచుకున్నది ఎనిమిదో రోజున.

పాఠాల్లో మొదటిది డ్రాఫ్ట్ లాటరీ గురించి, అంటే వెనకబడిన జట్లలో మొదటి పిక్‌లు ఎవరికి దక్కాలో తేల్చే డ్రా గురించి. అందరికంటే అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి పిక్ దక్కే అవకాశం 25 శాతమని పీడీఎఫ్ మూడో పేజీలో ఎర్రని గడిలో వేశారు. ఆ లెక్క 2018తోనే పోయింది. 2019 నుంచి, 2025లో నేను డబ్బు కట్టేనాటికి కూడా, చివరి మూడు జట్లకూ సమానంగా 14 శాతం చొప్పునే అవకాశం ఉండేది, పైగా లాటరీ తీసినది మొదటి నాలుగు స్థానాలకు మాత్రమే. ఉద్దేశపూర్వకంగా ఓడిపోయే జట్లకు లాభం తగ్గించడం కోసమే ఆ మార్పు చేశారు. అది ఎలా పని చేస్తుందో మా జట్టు అభిమానులకు వేరే చెప్పక్కర్లేదు. 2025లో చివరి నుంచి రెండో స్థానంలో ఉన్న విజార్డ్స్ ఎంత కిందికి జారగలదో అంతా జారి ఆరో పిక్‌కు పడిపోయింది, అట్టడుగున ఉన్న యూటా అయిదో పిక్‌కు పడింది. 1.8 శాతం అవకాశంతో డాలస్ మొదటి పిక్ గెలుచుకుని కూపర్ ఫ్లాగ్‌ను తీసుకుంది. ఆ లాటరీ కోర్సు మొదలవడానికి రెండు నెలల ముందే జరిగింది. లాటరీ గురించి డబ్బు తీసుకుని పాఠం చెప్పేవారికి ఈ సంగతి తెలియకపోవడాన్ని నేను అజాగ్రత్త అని సరిపెట్టుకోలేను.

జీతాల పట్టిక ఇంకా ఘోరం. 2025-26 శాలరీ క్యాప్ (ఒక జట్టు ఆటగాళ్ళ మొత్తం జీతాలకు లీగ్ పెట్టే పరిమితి) సుమారు 15 కోట్ల 46 లక్షల డాలర్లు కాగా, వాళ్ళిచ్చిన ఎక్సెల్‌లో 2022-23 నాటి 12 కోట్ల 36 లక్షలే ఉంది. అంటే మూడు కోట్ల డాలర్లకు పైగా తేడా, ఒక మంచి ఆటగాడి ఏడాది జీతమంత. ఇక నమూనా ప్రణాళికలో, ఒక తారను తెచ్చుకోవడానికి రాబోయే అయిదేళ్ళ సొంత మొదటి రౌండ్ పిక్‌లన్నీ ఒకే ట్రేడ్‌లో, అంటే జట్ల మధ్య ఒకే మార్పిడిలో, ఇచ్చేయమన్నారు. రాబోయే ఏళ్ళలో వరుసగా రెండు డ్రాఫ్ట్‌లకు మొదటి రౌండ్ పిక్ ఏదీ చేతిలో లేకుండా చేసుకోవడాన్ని లీగ్ నిబంధన ఒప్పుకోదు. 1980ల ఆరంభంలో క్లీవ్‌లాండ్ యజమాని టెడ్ స్టెపియన్ పిక్‌లను చేజేతులా పంచిపెట్టిన ఫలితంగా పుట్టిన ఆ నిబంధన నేటికీ ఆయన పేరుతోనే చెలామణీలో ఉంది. జట్టు నిర్మాణం నేర్పేవాడు మొదటి రోజున చెప్పవలసిన మాట అది.

నా జట్టు విషయంలో నాకు కోపం తెప్పించినది మరొకటి ఉంది. విజార్డ్స్ 2026 మొదటి రౌండ్ పిక్ పూర్తిగా వాళ్ళదేనని, ఎవరికైనా ఇచ్చుకోవచ్చని పట్టికలో చూపించారు. నిజానికి 2020లో జాన్ వాల్‌ను హ్యూస్టన్‌కు పంపినప్పుడు షరతులతో ఇచ్చిన పిక్ మీది హక్కు చేతులు మారి న్యూయార్క్‌కు చేరింది. షరతు ప్రకారం 2026లో అది మొదటి ఎనిమిది స్థానాల్లో పడితేనే విజార్డ్స్‌కు మిగలాలి, తొమ్మిది లేదా ఆ కింద పడితే న్యూయార్క్‌కు పోవాలి. ఆ పద్ధతి లాటరీలో ఏ జట్టయినా తన స్థానం నుంచి గరిష్ఠంగా నాలుగు మెట్లే జారగలదు. అందుచేత చివరి నాలుగు జట్లలో ఒకటిగా ముగిస్తే ఆ పిక్ భద్రం, అయిదో స్థానం నుంచి ప్రమాదం మొదలవుతుంది. ఆ సీజన్‌కు విజార్డ్స్ వేసుకునే ఏ ప్రణాళికయినా ఈ ఒక్క లెక్క చుట్టూ తిరగాలి. ప్రత్యక్ష తరగతిలో నేను ఇదే అడిగాను. “సర్, అది అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌లో వస్తుంది” అన్నారు. అడ్వాన్స్‌డ్ బ్యాచ్ ఫీజు మరో తొమ్మిది వేలట!

కోర్సు మొత్తానికి ఉన్న సిద్ధాంతం ఒక్కటే: ఓడండి, డ్రాఫ్ట్‌లో తీసుకోండి, మళ్ళీ ఓడండి. దానికి ఉదాహరణగా ఓక్లహోమా సిటీని చూపించారు. ఆ జట్టు 2020-21లో 22, మరుసటి ఏడాది 24 మ్యాచ్‌లే గెలిచి, 2024-25లో 68 గెలిచి టైటిల్ సాధించిన మాట నిజం. కానీ ఆ జట్టుకు వెన్నెముక అయిన షే గిల్జియస్ అలెగ్జాండర్ ఓటముల వల్ల రాలేదు. 2019లో పాల్ జార్జ్‌ను క్లిప్పర్స్ జట్టుకు ఇచ్చిన ట్రేడ్‌లో వచ్చాడు. అదే ట్రేడ్‌లో వచ్చిన పిక్‌తో 2022లో పన్నెండో స్థానంలో జేలెన్ విలియమ్స్‌ను తీసుకున్నారు. పాఠంలో ఈ ముక్క లేదు. ఉద్దేశపూర్వక ఓటముల దారిలో అందరికంటే దూరం వెళ్ళి, 2015-16లో 10 మాత్రమే గెలిచి 72 ఓడిన ఫిలడెల్ఫియా, ఆ తర్వాత ఎన్ని మంచి సీజన్లు ఆడినా 2025 వరకూ టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్స్‌లో రెండో రౌండ్ దాటలేకపోయిందన్న ముక్కా లేదు.

నేనైతే డెట్రాయిట్‌ను ఉదాహరణగా తీసుకునేవాణ్ణి. 2023-24లో వరుసగా 28 మ్యాచ్‌లు ఓడి, సీజన్‌ను 14 విజయాలతో ముగించిన ఆ జట్టుకు లాటరీ కలిసిరాలేదు. అట్టడుగున ఉండి కూడా వరుసగా రెండేళ్ళు అయిదో పిక్‌తోనే సరిపెట్టుకుంది. అయినా మరుసటి ఏడాది 44 గెలిచింది. మారినవి కోచ్, జట్టు తార కేడ్ కనింగ్‌హామ్ చుట్టూ ఉన్న మనుషులు. టోబియాస్ హ్యారిస్, టిమ్ హార్డవే జూనియర్ లాంటి అనుభవజ్ఞులు వచ్చారు. ఏడాది ఒప్పందం మీద వచ్చిన మాలిక్ బీస్లీ 319 త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేశాడు. బంతి పట్టుకున్న కుర్రాడికి పక్కన షూటర్ లేకపోతే ఎంత కష్టమో ఆంధ్ర విశ్వవిద్యాలయం కోర్టులో నాలుగు రోజులు ఆడినవాడికైనా తెలుస్తుంది.

అందుకే నా ఆరు పేజీల ప్రణాళికలో విజార్డ్స్ కుర్రాళ్ళు అలెక్స్ సార్, కూలిబాలీ, కారింగ్టన్, కిషాన్ జార్జ్, ట్రే జాన్సన్‌లను కదపకుండా ఉంచాలని రాశాను. అనుభవజ్ఞుడైన మెక్‌కాలమ్‌ను తొందరపడి అమ్మకుండా ఆ పిల్లల పక్కన ఆడించి, అతని ఒప్పందం, మిడిల్టన్ ఒప్పందం 2026 వేసవిలో ముగిసినప్పుడు ఖాళీ అయ్యే క్యాప్‌తో ఇతర జట్లు వదిలించుకోవాలనుకునే భారీ జీతాల ఆటగాళ్ళను, అందుకు ప్రతిఫలంగా ఇచ్చే పిక్‌లతో కలిపి తీసుకోవాలని రాశాను. (డెని అవ్‌దియాను పోర్ట్‌లాండ్‌కు ఇచ్చేయడం తప్పని కూడా ఒక పేజీ రాశాను. దానికి పునర్నిర్మాణంతో పని లేదు, కడుపుమంట అంతే.) పది రోజుల తర్వాత నిపుణుల అభిప్రాయం నాలుగు వాక్యాల్లో వచ్చింది. అందులో రెండో వాక్యం ఇది: “షార్లెట్ జట్టు పట్ల మీ దృక్పథం ప్రశంసనీయం.” నా ఆరు పేజీల్లో షార్లెట్ పేరు ఒక్కసారి కూడా లేదు.

డబ్బు వాపసు అడిగితే ఏడు రోజుల గడువు దాటిందన్నారు. పాఠం తెరుచుకున్నదే ఎనిమిదో రోజున కదా అని గుర్తు చేస్తే, నన్ను గ్రూపులోంచి తీసేశారు. మా వీధిలో ఇంటర్ చదివే కుర్రాడు కూడా ఇదే కోర్సుకు కట్టాడని ఆ తర్వాతే తెలిసింది. “అన్నయ్యా, మా నాన్నగారికి మాత్రం చెప్పకండి” అన్నాడు. అతని మాట విన్నాకే దీన్ని బహిరంగంగా రాయాలని నిశ్చయించుకున్నాను.

కట్టాలనుకునేవారు ముందుగా రెండు ప్రశ్నలు అడిగి చూడండి. లాటరీలో చివరి మూడు జట్ల అవకాశం ఎంత, ఈ ఏడాది శాలరీ క్యాప్ ఎంత? రెంటికీ తడుముకోకుండా జవాబు రాకపోతే అక్కడితో ఆపేయండి. రసీదు మీద జీఎస్టీ నంబరు, చిరునామా లేకుండా, లేదా వ్యక్తి పేరున ఉన్న ఖాతాకు డబ్బు పంపకండి. డెమోలో చూపిన పీడీఎఫ్ ఏ ఏడాదిదో అడగండి.

ఇప్పటికే కట్టినవారు చాటింగ్, రసీదు, యూపీఐ లావాదేవీ సంఖ్య, పాఠం తెరుచుకున్న తేదీ కనిపించే స్క్రీన్‌షాట్ దాచిపెట్టండి. గ్రూపులోంచి తీసేస్తే పాఠాలు కనబడవు, నాకు అదే జరిగింది. 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం ప్రకారం అమ్మినవాడు ఎక్కడున్నా మనం నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు, అయిదు లక్షల లోపు వ్యవహారాలకు ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. ఇదే కోర్సుకు కట్టిన విశాఖవాసులు ఎవరైనా ఉంటే, మూడో పేజీలో ఎర్ర గడిలో 25 శాతం అని ఉన్న ఆ పీడీఎఫ్ ప్రతిని భద్రపరచి నాకు తెలియజేయండి. మా వీధి కుర్రాడితో కలిపి ఇప్పటికి ముగ్గురం అయ్యాం.