చోడి అంబలా, మునగాకా: రోజూ తినడానికి ఏది మేలు?

గుణుపురం నుంచి మా ఆడపడుచు, రాయగడ నుంచి మా పిన్ని కోడలు ఫోను చేసినప్పుడల్లా అడిగేది ఒకటే: "వదినా, పిల్లలకు బలం రావాలంటే చోళ్లు పెట్టాలా, మునగాకు పెట్టాలా?" కిందటేడు మా అమ్మాయికి రక్తం తక్కువగా ఉందని పరీక్షలో తేలినప్పుడు నేనూ ఇదే ప్రశ్నతో కొన్ని వారాలు సతమతమయ్యాను. చివరికి చోళ్ల వైపే మొగ్గాను. ఎందుకో చెబుతాను.

చోళ్లంటే రాగులే. మా పర్లాకిమిడి సంతలో ఒడియా వాళ్ల దగ్గర కొంటే అవే మాండియా.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికలు చూస్తే, వంద గ్రాముల చోళ్లలో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. వంద గ్రాముల పచ్చి మునగాకులో 310కి పైగా ఉంది. ఇనుము రెండింట్లోనూ నాలుగున్నర మిల్లీగ్రాముల దగ్గరే. మనం మూడు పూటలా తినే తెల్ల బియ్యంలో కాల్షియం పది మిల్లీగ్రాములకు కూడా చేరదు. పట్టిక వరకు చూస్తే రెండూ సమఉజ్జీలే.

అయితే వంద గ్రాముల మునగాకు ఒక్కరే ఎప్పుడు తింటారు? నలుగురున్న ఇంట్లో పప్పులో పడే ఆకు మనిషికి ఇరవై గ్రాములు వస్తే గొప్ప. అదీ వారానికి ఒకటి రెండు సార్లు. అంబలి అలా కాదు. పెద్ద గ్లాసు అంబలిలో నలభై గ్రాముల పిండి సులువుగా పడుతుంది. అంటే 145 మిల్లీగ్రాముల కాల్షియం, పెద్దవాళ్లకు రోజుకు కావలసిన వెయ్యి మిల్లీగ్రాములలో ఏడో వంతు. పైగా అది ఇడ్లీ, ఉప్మాల చోటులోకి వచ్చే తిండి. మునగాకు అన్నం పక్కకు చేరుతుంది, చోళ్లు అన్నం వాటానే తగ్గిస్తాయి. నా దృష్టిలో తేల్చే విషయం ఇదే.

రక్తం తక్కువైన వాళ్ల ఇళ్లలో మాత్రం ఇంకొకటి తెలియాలి. చోళ్లలో సహజంగా ఉండే ఫైటేట్లు, టానిన్లు అనే పదార్థాలు ఇనుమును పట్టుకుని ఒంటికి అందనివ్వవు. దీనికి విరుగుడు పాత పద్ధతిలోనే ఉంది. మా అత్తగారు రాత్రి చోడిపిండిని నీళ్లలో కలిపి మూతపెట్టి పులియనిస్తారు. పొద్దున ఎసట్లో గుప్పెడు బియ్యపు నూక ఉడుకుతుండగా ఆ పులిసిన పిండిని పోసి, అడుగంటకుండా కలుపుతూ దించుతారు. పులిసినప్పుడు ఫైటేట్లు తగ్గుతాయి. మొలకెత్తించి ఆరబెట్టి పట్టించిన పిండి అయినా మంచిదే. చల్లారిన అంబలిలో నిమ్మకాయ పిండితే అందులోని సి విటమిన్ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. అంబలి తాగిన వెంటనే టీ తాగితే ఆ మేలు చాలావరకు పోతుంది. కనీసం గంట ఆగాలి. మా అమ్మాయికి ఈ ఒక్క అలవాటు మాన్పించడానికే నెల పట్టింది.

నాకు బాధ కలిగించేది, ఇంత మంచి తిండికి మన ఇళ్లలోనే పేదల తిండి అన్న ముద్ర పడటం. కొండల మీద సవరలు, కోరాపుట్ వైపు వాళ్లు మాండియా జావను వదలలేదు. వదిలింది మనమే. 2017లో చిరుధాన్యాల సాగు పెంచడానికి ఒడిశా మిల్లెట్ మిషన్ అనే ప్రభుత్వ పథకం మొదలయ్యాక మా వైపు రైతులు మళ్లీ చోళ్లు వేస్తున్నారు, మంచి గింజ దొరుకుతోంది.

మునగాకును తీసిపారేయడం లేదు. చోళ్లలో దాదాపు లేని బీటా కెరోటిన్, అంటే ఒంట్లో ఎ విటమిన్‌గా మారేది, మునగాకులో పుష్కలం. అది ఒంటికి పట్టాలంటే కాస్త నూనె ఉండాలి కనుక పోపు వేసిన పప్పో, వేపుడో సరైన దారి. ఆషాఢంలో మునగాకు తినాలని పెద్దలు పెట్టిన ఆచారాన్ని నేనూ పాటిస్తాను. కానీ రోజూ కూర్చుని ఆకు దూయడం ఉద్యోగాలు చేసే ఆడవాళ్లకు అయ్యే పని కాదు. వానాకాలంలో చెట్టు నిండా గొంగళి పురుగులు. నీడన ఆరబెట్టి పొడి చేసుకుంటే పని తగ్గుతుంది కానీ, సి విటమిన్ చాలావరకు పోతుంది.

ఇక మిగతావాటి సంగతి. ఎండు మెత్తళ్లు, అంటే ఎండబెట్టిన చిన్న చేపలు, ముల్లుతో సహా తింటారు కనుక కాల్షియానికి మంచివే, కానీ ఉప్పు ఎక్కువ. నువ్వులూ మంచివే కానీ చిటికెడే తింటాం. డబ్బాల్లో వచ్చే బలం పొడులకు ఆ డబ్బు పెట్టనక్కర్లేదు.

చక్కెర వ్యాధి ఉన్నవారు పలుచని జావకు బదులు గట్టి ముద్దగానో రొట్టెగానో తినాలి. జావ త్వరగా అరిగి చక్కెరను పెంచుతుంది. రక్తం బాగా తగ్గినవారు డాక్టరు ఇచ్చిన ఇనుము మాత్రలు మానకూడదు. మా అమ్మాయి మాత్రలూ వేసుకుంది, అంబలీ తాగింది.

మా ఆడపడుచుకు నేను చెప్పింది ఇది: వారంలో ఐదు రోజులు పొద్దున అంబలి, రెండు రోజులు మధ్యాహ్నం మునగాకు పప్పు. పిల్లలు అంబలి పులుపుకు మొహం తిప్పుకుంటే మొదటి వారం మజ్జిగ, సన్నగా తరిగిన ఉల్లిపాయ కలిపి ఇవ్వమన్నాను. వాళ్ల చిన్నవాడు ఇప్పుడు అంబలితో పాటు నంజుకోవడానికి పచ్చిమిరపకాయ అడుగుతున్నాడట.