350 రూపాయల స్ట్రాంగ్స్ కాంకార్డెన్స్, అందులో 3544వ మాట

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో దొరికింది నాకు ఈ స్ట్రాంగ్స్ కాంకార్డెన్స్, అంటే బైబిల్లో ఏ మాట ఏయే వచనాల్లో ఉందో చూపే పుస్తకం. 450 చెప్పాడు, 350కి ఇచ్చాడు. అట్ట ఊడిపోయినా లోపలి పేజీలన్నీ ఉన్నాయి. తెనాలి దాకా రైల్లో ఒళ్ళో పెట్టుకునే తెచ్చుకున్నాను.

కొన్నది ఒకే ఒక్క మాట కోసం. నాన్న పోయాక మా అమ్మ పాడడం మానేసింది. పరామర్శకొచ్చినవాళ్ళు యెషయా 61:3 చదివి, "భారభరితమైన ఆత్మను వదిలించుకో అక్కా, స్తుతివస్త్రం కట్టుకో" అని చెప్పి వెళ్ళేవాళ్ళు. అమ్మ తల ఊపేది. భారమైతే దించుకోవచ్చు కదా, దించుకోకపోతే తప్పు ఆమెదే అన్నట్టు వినిపించేది నాకు. మనసు కోసుకుపోయేది. యెషయా గ్రంథం మూలభాషైన హెబ్రీలో అక్కడ అసలు ఏ మాట ఉందో చూడాలనుకున్నాను.

జేమ్స్ స్ట్రాంగ్ గారు 1890లో అచ్చు వేయించిన ఈ పుస్తకం కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలు మీద నడుస్తుంది. కాబట్టి మన తెలుగు బైబిలు పక్కన అది కూడా తెరిచి పెట్టుకోవాలి. ఇంగ్లీషు మాట వెతికితే అది వచ్చిన వచనాలన్నీ వరసగా ఉంటాయి, పక్కన ఒక నంబరు. ఆ నంబరు పట్టుకుని పుస్తకం చివరనున్న నిఘంటువుకి వెళ్ళాలి. హెబ్రీ వైపు 8674 వరకు నంబర్లున్నాయి.

'హెవీనెస్' కింద యెషయా 61:3 దగ్గర 3544 ఉంది. వెనక్కి తిప్పాను. కేహే. బలహీనమైన, మసకబారిన అని అర్థం. కింగ్ జేమ్స్ అనువాదకులు దాన్ని ఏయే మాటలతో చెప్పారో కూడా అక్కడే ఉంది: కాస్త నల్లబడిన, మసకైన, భారం, పొగలేచే. పొగ ఎక్కడ్నుంచి వచ్చింది? 'స్మోకింగ్' పేజీ తీస్తే యెషయా 42:3. మన బైబిల్లో అది "మకమకలాడుచున్న జనుపనార వత్తిని ఆర్పడు".

చాలాసేపు ఆ పేజీ మూయలేదు. వత్తికీ ఆత్మకీ ఒకే మాట! యాజకుడైన ఏలీకి ముసలితనంలో చూపు మందగించిందని చెప్పేచోట, 1 సమూయేలు 3:2లో, కూడా ఇదే. రూఅహ్ అంటే ఆత్మ; 61:3లోని రూఅహ్ కేహా అంటే మకమకలాడుతున్న ఆత్మ. దానికి దించుకోవడానికి బరువేమీ లేదు, చమురే అడుగంటింది. 'భారభరితమైన' అన్న మన అనువాదాన్ని తప్పుపట్టను, కానీ మా అమ్మకి 42:3లో ఉన్న మాటే సరిపోతుంది.

కొనేవాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. నా ప్రతిలో అక్షరాలు చీమతలలంత ఉన్నాయి, భూతద్దం లేనిదే చదవలేను. రెండోది ఇంకా ముఖ్యం. ఆ వరసలోని అర్థాల్లో నచ్చింది ఏరుకుని ప్రసంగం అల్లేయకూడదు. ఏ వచనంలో ఏది పొసుగుతుందో ఆ పుస్తకం చెప్పదు, వచనం తెరిచి మనమే చూసుకోవాలి. అంత ఓపికుంటే సండేస్కూల్ టీచర్లు, గృహకూటాల్లో వాక్యం చెప్పేవాళ్ళు కళ్ళు మూసుకుని కొనొచ్చు. ఒక్క మాటే చూడాలంటే ఆ నంబర్లు ఫోన్లో ఉచితంగా దొరుకుతున్నాయి.

ఆ రాత్రే 'వస్త్రం' కూడా వెతికాను. 4594. దాని మూలం 5844, చుట్టుకోవడం, కప్పుకోవడం. చిన్నప్పుడు కరెంటు పోతే అమ్మ బుడ్డిదీపం పట్టుకుని వసారాలోకి వస్తూ గాలికి కొంగు అడ్డం పెట్టేది. ఇది పుస్తకంలో లేదు, నాకు గుర్తొచ్చింది.

ఇప్పుడు సాయంత్రాలు అమ్మ పక్కన కూర్చుని నేనే సన్నగా పాడుతున్నాను. తనని పాడమని అడగడం లేదు.