జాగ్రత్త: పవర్డ్ స్పీకర్ డెమో వినే ముందు దాని వెనక కేబుల్ ఎక్కడికి పోతోందో చూడండి

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. రాతలో వరుస తప్పితే ఏమీ అనుకోకండి.

షాపు పేరు రాయను. కీబోర్డు వాయించేవాళ్లలో చాలామందికి తెలిసినదే. ఇరవై వేల లోపు, ఒంటిచేత్తో మోయగలిగే పవర్డ్ స్పీకర్ (ఆంప్లిఫయర్, అంటే ఆంప్, లోపలే ఉండేది) కావాలని వెళ్లాను. 8 అంగుళాల వూఫరు (బేసు వాయించే పెద్ద స్పీకర్), 8 కిలోల బరువు, అట్టపెట్టె మీద 1000 వాట్లు. డెమోలో బేసుకి నేల అదిరింది. 18,500 కట్టి తెచ్చుకున్నాను. మొదటి రిహార్సల్లోనే బండారం బయటపడింది. లెఫ్ట్ హ్యాండ్‌తో కింది సీ కొడితే టప్‌మని చప్పుడు తప్ప నోట్ లేదు. పైగా అది కొట్టినప్పుడల్లా కుడిచేతి పియానో కూడా లోపలికి కుంగిపోతోంది.

సోమవారం పొద్దున్నే స్పీకర్ మోసుకుని షాపుకి వెళ్లాను. ముందు షాపాయన తప్పుని నా కేబుల్ మీదికి నెట్టాడు, తర్వాత నా కీబోర్డు మీదికి. సరే, మీ డెమో పీసులోనే నా కీబోర్డు పెట్టి చూద్దాం అని జాక్ గుచ్చడానికి దాని వెనక్కి వంగాను. అప్పుడు కనబడింది. ‘లింక్ అవుట్’ (ఇంకో స్పీకర్‌కి సిగ్నల్ పంపే) సాకెట్ నుంచి ఒక నల్ల కేబుల్ టేబుల్ గుడ్డ కిందికి దిగి ఉంది. గుడ్డ ఎత్తి చూస్తే లోపల 15 అంగుళాల సబ్‌వూఫరు (బాగా కింది బేసు కోసమే ఉండే స్పీకర్), దాని పవర్ లైటు వెలుగుతూ. నేను విన్న బేసంతా దానిది. కొన్నది మాత్రం పైనున్న చిన్న డబ్బా.

“ఇదేంటండీ?” అన్నాను. 

“డిస్‌ప్లేకి అలాగే పెడతాం సార్.” 

“మరి నాకు చెప్పలేదేం?” 

“మీరు అడగలేదు కదా.”

అంతే. ముఖంలో మార్పు కూడా లేదు. డబ్బు వాపసు ఇమ్మంటే, కొనడానికొచ్చిన ఇద్దరు కుర్రాళ్ల ముందు, “ఈ రేటుకి ఇంతే వస్తుంది బ్రదర్, సౌండు వాయించేవాళ్ల చేతిలో ఉంటుంది” అన్నాడు. డబ్బు పోయినందుకంటే ఆ మాటకే ఎక్కువ కోపం వచ్చింది. ఆ కుర్రాళ్లకి సబ్ చూపించాను, వాళ్లు కొనకుండా వెళ్లిపోయారు. తప్పు నాలోనూ ఉంది. లింక్ అవుట్ అంటే ఏమిటో, దాంట్లోంచి ఇంకో స్పీకర్‌కి సిగ్నల్ ఎలా పోతుందో తెలిసినవాణ్ణి. అయినా ఒక్క అడుగు పక్కకి వేసి వెనకవైపు చూడలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ మోసం కీబోర్డు వాళ్ల మీదే ఎందుకు పారుతుందంటే, మనకి కావలసిన నోట్లు అంత కింద ఉంటాయి. 61 కీల కీబోర్డులో అట్టడుగు సీ సుమారు 65 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు). ఆక్టేవ్ బటన్ ఒకసారి కిందికి నొక్కితే 33. బేస్ గిటార్ టోన్‌లో కింది ‘ఈ’ నోట్ 41 దగ్గర ఉంటుంది. 88 కీల పియానోలో అట్టడుగు ‘ఏ’ నోట్ 27.5. నా స్పీకర్ అట్టపెట్టె మీద ‘50 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్’ అని ఉంది. ఎన్ని డెసిబెల్స్ తగ్గుదల దగ్గర కొలిచారో పక్కన రాయలేదు. ఆ అంకె లేకపోతే ఆ రేంజికి అర్థమే లేదు. పోల్చి చూడటానికి యమహా డీబీఆర్10 తీసుకోండి. అది 10 అంగుళాలది, 10.5 కిలోలు. దాని షీట్‌లో 55 హెర్ట్జ్ నుంచి అని రాసి, అది మైనస్ 10 డీబీ దగ్గర, అంటే శబ్దం పది డెసిబెల్స్ తగ్గిన చోట, అని స్పష్టంగా చెప్పారు. వాట్లు కూడా డైనమిక్ (క్షణకాలం) 700, కంటిన్యువస్ (నిలకడగా) 325 అని రెండూ వేశారు. 10 అంగుళాల మంచి పెట్టే 55 దగ్గర పది డెసిబెల్స్ పడిపోతుంటే, 8 అంగుళాల చవక పెట్టె 50 దాకా వాయిస్తుందని రాస్తే నమ్మడానికి వీల్లేదు.

మరి ఆ టప్‌మనే చప్పుడేమిటి? ఈ పెట్టెలకి ముందు గానీ వెనక గానీ గాలి పోయే పోర్ట్ ఉంటుంది. ఆ పోర్ట్‌ని కుదిర్చిన ఫ్రీక్వెన్సీ (ట్యూనింగ్) కంటే కిందివి వస్తే కోన్‌ని, అంటే వూఫరులో ఊగే గిన్నెలాంటి భాగాన్ని, నిలువరించే గాలి బలం పోతుంది. కోన్ ఊరికే ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది తప్ప శబ్దం రాదు. అది చిరగకుండా లిమిటర్ (సిగ్నల్ హద్దు దాటకుండా ఆపే సర్క్యూట్) అడ్డుపడి మొత్తం సిగ్నల్‌నే తగ్గిస్తుంది. అందుకే లెఫ్ట్ హ్యాండ్ కొట్టగానే రైట్ హ్యాండ్ కుంగిపోయేది. వూఫరుకీ ట్వీటరుకీ (పై శబ్దాలు ఇచ్చేది) విడివిడిగా లిమిటర్లుంటే ఈ బాధ కొంత తగ్గుతుంది. చవక మోడళ్లలో చాలావాటికి అలా ఉండదు.

షాపులో బ్లూటూత్ పాట వినిపించడం వెనకా ఒక కిటుకు ఉంది. రికార్డు చేసిన పాటని ముందే బాగా కంప్రెస్ చేసి ఉంటారు, హెచ్చుతగ్గులు తక్కువ. లైవ్ పియానోలో సుత్తి తగిలిన క్షణంలో లేచే శబ్దం సగటు కంటే పది డెసిబెల్స్‌కి పైగా ఎత్తుకు పోతుంది. అక్కడే చిన్న ఆంప్ నలిగిపోతుంది. పాట బాగా వినబడింది కాబట్టి కీబోర్డూ బాగుంటుందని ఎవరన్నా నమ్మకండి.

వాట్ల గురించి రెండు ముక్కలు. 500 నుంచి 1000 వాట్లకి పోతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 కావాలి. ఇంకో పని చేయండి. చాలావాటికి వెనక కరెంటు సాకెట్ పక్కన ఫ్యూజు విలువ రాసి ఉంటుంది. నా దాని మీద 1 ఆంపియర్. 230 వోల్టుల దగ్గర అంటే నిలకడగా గోడలోంచి లాగగలిగేది 230 వాట్లు. క్షణకాలం అంతకు మించి లాగవచ్చు కానీ, నిలకడగా 1000 వాట్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఇది నాకు ఇంటికొచ్చాక తట్టింది. షాపులో అయితే అర నిమిషం పని.

మాక్స్ ఎస్‌పీఎల్, అంటే స్పీకర్ ఇవ్వగల గరిష్ఠ శబ్దం, చాలావరకు ఒక మీటరు దూరంలో పీక్ (క్షణకాలపు) లెక్క. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డీబీ పోతుంది. 124 అని రాసి ఉంటే 8 మీటర్ల దగ్గర 106, అదీ పీకే. చర్చి హాల్లో, భజన మందిరంలో గోడలు కాస్త సాయం చేస్తాయి. పెళ్లి పందిట్లో చేయవు.

కాబట్టి మీ కీబోర్డు, మీ కేబుల్, మీ సస్టెయిన్ పెడల్ తీసుకునే వెళ్లండి. తీసుకురావొద్దంటే అక్కడినుంచి వచ్చేయండి. స్పీకర్ వెనక పవర్ కేబుల్, మీ కేబుల్ తప్ప మిగతావన్నీ పీకించండి. ఈక్యూ (బేసు, ట్రెబుల్ సర్దేది) ఫ్లాట్‌లో పెట్టించండి. ‘బేస్ బూస్ట్’, ‘డీజే’ లాంటి ప్రీసెట్ ఉంటే తీయించండి. ఇన్‌పుట్ స్విచ్ మైక్‌లో ఉంటే లైన్‌కి మార్చండి, లేకపోతే పగిలిన శబ్దం వచ్చి మంచి స్పీకర్ కూడా చెడ్డదనిపిస్తుంది. కీబోర్డు వాల్యూమ్ ముప్పావు దాకా పెట్టి, ప్రోగ్రాంలో ఎంత కావాలో అంతకి స్పీకర్ నాబ్ పెంచండి. గ్రాండ్ పియానో టోన్ పెట్టి, ఎడమ చేత్తో కింది సీ, జీ గట్టిగా కొడుతూ, పెడల్ తొక్కి కుడిచేత్తో కార్డు పట్టుకోండి. కార్డు ఊగుతోందా, లిమిట్ లైటు ఆరకుండా వెలుగుతోందా చూడండి. తర్వాత స్ట్రింగ్స్ పెట్టి పైకి వాయించండి. చెవిలో గుచ్చుకుంటే హార్న్ (పై శబ్దాలు బయటికొచ్చే భాగం) గరుకుగా ఉందన్నమాట. పక్కకి నడిచి ఏటవాలుగా కూడా వినండి, ఎందుకంటే స్టేజి మీద మీరు ఉండేది తరచూ పక్కనే. చివరగా ఏమీ వాయించకుండా నాబ్ పెంచి హిస్ (సుయ్‌మనే రొద) ఎంతుందో వినండి. ప్రార్థన మధ్యలో అది బాగా తెలుస్తుంది. ఇదంతా పది నిమిషాలు.

బరువు అట్టపెట్టె మీద చూసి నమ్మకండి. సూట్‌కేసు తూచే కొక్కెం కాటా జేబులో పడుతుంది. 12 అంగుళాలవి 15 కిలోల చుట్టూ ఉంటాయి. బైకు మీద ఒక్కరే తీసుకెళ్లేవాళ్లకి అది కష్టం. నా మాట అడిగితే ఒంటరిగా వాయించేవాళ్లకి 10 అంగుళాలది, 10–11 కిలోల్లో, సెకండ్ హ్యాండ్‌దైనా సరే, కొత్త 8 అంగుళాల దానికంటే మేలు. బేస్ గిటారిస్టు పక్కనుంటే మాత్రం మంచి 8 అంగుళాలది సరిపోతుంది. కింది నోట్లు అతనికి వదిలేయవచ్చు. బ్లూటూత్‌కీ రంగు లైట్లకీ డబ్బు పెట్టకండి, ఆ మేరకు ఆంప్‌లోనూ వూఫరులోనూ కోస్తారు.

కేబుల్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే షాపాయన నాకు చివర్లో ‘స్టీరియో కేబుల్’ ఒకటి అంటగట్టబోయాడు. రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 లాంటి కీబోర్డుల్లో ఎల్/మోనో, ఆర్ అని రెండు అవుట్‌పుట్లు ఉంటాయి. ఒకే స్పీకర్ అయితే ఎల్/మోనోలో మామూలు మోనో కేబుల్ ఒక్కటే గుచ్చండి, రెండు చానెళ్లూ కీబోర్డే కలిపి ఇస్తుంది. ఆర్ లో కూడా పెడితే ఎల్/మోనోలోంచి ఎడమ సగమే వస్తుంది. యమహా పీఎస్ఆర్ ఐ సిరీస్ లాగా ఫోన్స్/అవుట్‌పుట్ ఒక్కటే ఉన్నవాళ్లు స్టీరియో కేబుల్‌ని స్పీకర్ బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో నేరుగా పెట్టకూడదు. ఆ ఇన్‌పుట్ ఒక వైరులోంచి రెండోదాన్ని తీసివేస్తుంది. ఎడమా కుడీ సమానంగా ఉన్న శబ్దం, అంటే బేసు, కిక్ డ్రమ్ము, పూర్తిగా మాయమై బోలుగా వినబడుతుంది. మోనో కేబుల్ పెడితే కుడి చానెల్ గ్రౌండ్‌కి షార్ట్ అవుతుంది, అదీ మంచిది కాదు. ఒక స్టీరియో జాక్ నుంచి రెండు మోనో జాక్‌లుగా చీలే వై కేబుల్ కొని, స్పీకర్ మీదున్న రెండు చానెళ్లలో విడిగా పెట్టండి.

ఇక డబ్బు సంగతి. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు మీద ముద్ర ఉన్నంత మాత్రాన కథ ముగిసిపోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సరుకు నాణ్యత గురించి తప్పుదోవ పట్టించడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోకపోవడమూ అంతే. స్వయం ఉపాధిగా కీబోర్డు వాయించి బతికేవాళ్లు కూడా వినియోగదారులే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు. నేను ఇచ్చాను. సబ్, కేబుల్, గుడ్డ కనబడేలా ఆ రోజే ఫోటో తీసుకున్నాను కాబట్టి చూపించడానికి ఏదో ఒకటి ఉంది. మీరు డెమో మొత్తం వీడియో తీసుకోండి, బిల్లు మీద మోడల్ నంబరూ సీరియల్ నంబరూ రాయించండి.

ఇప్పటికే ఇలాంటి 8 అంగుళాల దాంతో ఇరుక్కున్నవాళ్లుంటే, వెనక హైపాస్ స్విచ్ (కింది ఫ్రీక్వెన్సీలని కోసేసేది) ఉందేమో చూసి 100 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. లేకపోతే కీబోర్డు మాస్టర్ ఈక్యూలో లో బ్యాండ్ 4–6 డీబీ తగ్గించండి. బేసు పెద్దగా తగ్గినట్టు అనిపించదు, అట్టడుగు నోట్లు ఎలాగూ రావడం లేదు కదా. లిమిటర్ ఊరుకుంటుంది కాబట్టి కుడిచేయి నిలబడుతుంది. లెఫ్ట్ హ్యాండ్ ఒక ఆక్టేవ్ పైకి జరపండి. స్టాండు మీంచి దించి నేల మీద, గోడ మూలలో పెట్టి కొంచెం వెనక్కి వాలిస్తే ఉన్న బేసైనా నిండుగా వస్తుంది.