నిమ్మచెక్కలో గెలిచి రొట్టెముక్కలో ఓడిన గాజు

సగానికి కోసిన నిమ్మచెక్క, గింజలు కనబడేలా విప్పిన దానిమ్మ ముక్క, సగం తెరుచుకున్న బఠానీ కాయ, ఒకే మొదలు నుంచి లేచిన మూడు పుట్టగొడుగులు, తొడిమతో సహా ఒక చిన్న టమాటా, ఒక రొట్టెముక్క, మంచుబొట్లు నిలిచిన ఒక ఆకు. ఈ ఏడింటినీ పూర్తిగా గాజుతో, చేత్తో చేసి సెట్టుగా అమ్ముతున్న ఒక కళాకారిణి దగ్గర నేను వీటిని తెప్పించుకుని ఐదు నెలలు దాటింది. వచ్చిన వారంలోనే సమీక్ష రాద్దామనుకుని ఆగిపోయాను, ఎందుకంటే పెట్టె విప్పిన రోజున ఏ గాజైనా మెరుస్తుంది, ఆ మెరుపు మీద ఏర్పడే అభిప్రాయం ఎక్కువ కాలం నిలవదు. రోజూ కళ్లబడి, దుమ్ము పట్టి, కడిగించుకుని, ఒకటి పగిలి దాని స్థానంలో ఇంకొకటి వచ్చిన తరువాత ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను: వీటిలో నాలుగు చాలా మంచి పనులు, రెండు ఫరవాలేదు, ఒకటి మాత్రం అసలు తలపెట్టకుండా ఉండవలసినది. ఏడింటినీ చేసిన చేయి ఒక్కటే, ఆ చేతిలో పనితనం నిండుగా ఉంది. మరి ఫలితం ఇంత తేడాగా ఎందుకు వచ్చిందన్నదే నన్ను ఇన్నాళ్లూ వీటి చుట్టూ తిప్పింది.

ఇవి కొలిమిలోంచి గాజు ముద్దను గొట్టంతో తీసి ఊది చేసినవి కావు. ప్రొపేన్, ఆక్సిజన్ కలిసి మండే టార్చ్ ముందు కూర్చుని, రంగు గాజు కడ్డీలను ఆ మంటలో కరిగిస్తూ, ఒక పొర మీద మరొక పొర పోస్తూ, గ్రాఫైట్ పలకతో అదుముతూ, పట్టుకారుతో లాగుతూ చేసే పని ఇది. పూర్వం నూనె దీపపు మంటలోకి గాలి ఊది గాజును కరిగించేవారు కనుక దీన్ని నేటికీ ల్యాంప్‌వర్క్ అనే పిలుస్తారు. వేలెడంత వస్తువులో వెంట్రుకంత గీత కావాలన్నప్పుడు ఈ పద్ధతికి సాటి లేదు.

ముందుగా నిమ్మచెక్క గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ సెట్టులో నా చేయి తరచుగా వెళ్లేది దాని దగ్గరికే. వెడల్పు నాలుగు సెంటీమీటర్లకు మించదు. పైతొక్క వెలుతురు దాటనివ్వని చిక్కటి పసుపు గాజు, దాని మీద సన్నని మొనతో ఒక్కొక్కటిగా గుచ్చిన గుంటలు ఉన్నాయి, అవి వరుసల్లో లేకుండా అసలు నిమ్మతొక్క మీద ఉన్నట్టే ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా పడ్డాయి. తొక్క లోపల కాగితమంత మందాన తెల్లటి పొర, ఆ లోపల తొమ్మిది తొనలు. తొనకూ తొనకూ మధ్య తెల్లటి గీత అంచు దగ్గర కొంచెం లావుగా మొదలై, నడిమికి వచ్చేసరికి పోగులా సన్నబడుతుంది. అన్నిటికంటే ముచ్చటైన సంగతి తొనల లోపల ఉంది: లేత పసుపు ఛాయ తగిలీ తగలనట్టున్న గాజులో, నడిమి వైపు మొన చేసి సాగిన చిన్న చిన్న గాలి బుడగలను ఆమె కావాలనే బంధించింది. మామూలుగా గాజులో బుడగ అంటే లోపం, కొనేవాడు వేలెత్తి చూపే మచ్చ. ఇక్కడ అవే రసం నిండిన ముత్యాల్లా కనిపిస్తాయి. వెనుక నుంచి వెలుతురు పడినప్పుడు చూస్తే నోట్లో నీళ్లూరతాయని రాయడానికి మొహమాటపడ్డాను గానీ, నిజంగానే ఊరాయి. లోపం వెదకాలంటే, కోత మీద కనబడే రెండు గింజలు లోపలి నుంచి బయటపడినట్టు కాక పైన అతికించినట్టున్నాయి.

దానిమ్మ ముక్క దీనికి తోబుట్టువే. గాజు పనిలో ఎరుపు ఎప్పుడూ కష్టమైన రంగే. బంగారాన్ని అతి కొద్ది మోతాదులో కలిపి తెచ్చే కెంపు ఎరుపు ఉంది, రాగితో వచ్చేది ఉంది, కాడ్మియం, సెలీనియం కలయికతో వచ్చేది ఉంది. వీటిలో చాలావరకు కరిగించిన వెంటనే రంగు చూపవు, కాస్త చల్లారనిచ్చి మళ్లీ మంట చూపించినప్పుడే ఎరుపెక్కుతాయి, ఆ మంట ఎక్కువైతే గోధుమ రంగుకు తిరిగి కాలేయపు ముక్కలా చచ్చుబడిపోతాయి. ఈ ముక్కలో గింజలన్నీ ఒకే ఎరుపులో లేవు, కొన్ని గులాబీ ఛాయలో, కొన్ని నల్లబడిన కెంపులా ఉన్నాయి. అది కావాలని చేసిందో, మంట హెచ్చుతగ్గుల వల్ల అలా కుదిరిందో నేను అడగలేదు. అసలు దానిమ్మ కాయలోనూ అన్ని గింజలూ సమానంగా పండవు కనుక, ఎలా వచ్చినా బాగానే వచ్చింది. ప్రతి గింజ నడుమ పొట్టులోంచి కనబడే తెల్లని పలుకును మాత్రం మర్చిపోకుండా పెట్టింది, ఆ పలుకు లేకపోతే ఇది దండలోంచి రాలిన ఎర్ర పూసల కుప్ప అయ్యేది.

ఈ రెండూ అంతగా పండడానికి కారణం గాజు స్వభావంలోనే ఉంది. రసం నిండిన పండు మీద పడిన వెలుతురు పైనుంచే తిరిగి రాదు, లోపలికి కొంత దూరం వెళ్లి, అక్కడ చెదిరి, రంగు పులుముకుని బయటికి వస్తుంది. గాజులోనూ దాదాపు అదే జరుగుతుంది. నీటి వక్రీభవన గుణకం 1.33, మామూలు గాజుది 1.5కు అటూ ఇటూ, అంటే గాజు నీటి కంటే కాస్త ఎక్కువగానే వెలుతురును వంచుతుంది. అందుకే గాజులో చేసిన రసం అసలు రసం కంటే ఒక పాలు ఎక్కువ ఊరుతున్నట్టు ఉంటుంది. బఠానీ కాయ విషయంలోనూ ఇదే లాభించింది. గింజలు ఒకే పరిమాణంలో లేకుండా కొసకు వచ్చేసరికి ఎదగక ఆగిపోయిన పిందెల్లా చిన్నవయ్యాయి, వాటి లేత పచ్చదనం లోపలి నుంచి వస్తున్నట్టుంది. మెలిక తిరిగిన నులితీగ మాత్రం వెంట్రుక కంటే కొంచెమే లావు. దుమ్ము దులిపేటప్పుడల్లా నాకు గుండె గుబగుబలాడుతుంది.

పుట్టగొడుగులు ఫరవాలేదు. పైన గొడుగు నునుపు తడిసినట్టుగా బాగుంది గానీ, అసలు అందం కింద ఉన్న మొప్పల్లో ఉంది, అది చూడాలంటే కింద అద్దం పెట్టుకోవాలి. ఫ్రాన్సులోని నాన్సీ నగరానికి చెందిన గాజు కళాకారుడు ఎమిల్ గాలే (1846–1904) పుట్టగొడుగుల ఆకారంలో చేసిన దీపంలో వెలుతురు గొడుగు లోపలి నుంచే వస్తుంది, మందపాటి ఆకారానికి ప్రాణం పోసే ఉపాయం అది. ఇక్కడ అలాంటి ఏర్పాటు లేదు కనుక ఇవి ఎదురు వెలుతురులో బొమ్మల్లా, వెనుక వెలుతురులో నీడల్లా ఉండిపోయాయి. ఆకు సంగతీ దాదాపు ఇంతే: ఈనెలు చక్కగా వచ్చాయి, మంచుబొట్లు కళ్లు జిగేల్మనిపిస్తాయి, అంచు మాత్రం మొద్దుగా ఉండి ఆకు మందాన్ని పట్టిచ్చేస్తుంది.

టమాటా కథ కొంచెం పెద్దది. రంగు, నిగారింపు, ముచ్చిక చుట్టూ పడే చిన్న నొక్కు అన్నీ కుదిరాయి, ఎరుపు గాజు పారదర్శకం కావడంతో లోపల లోతు కూడా కనిపిస్తుంది. వచ్చిన మూడో వారంలో, ఎవరూ తాకని సమయంలో, ఆకుపచ్చ తొడిమ మొదట్లో టిక్కుమని చప్పుడైంది, చూస్తే అర్ధచంద్రాకారంలో పగులు. గాజు వేడికి వ్యాకోచించి, చల్లారినప్పుడు సంకోచిస్తుంది, ఆ సంకోచం అన్ని గాజులకూ ఒక్కలా ఉండదు. ల్యాంప్‌వర్క్‌లో వాడే మెత్తని గాజు (తక్కువ వేడికే మెత్తబడేది), వేడికి ఓర్చే బోరోసిలికేట్ గాజు కంటే సుమారు మూడు రెట్లు ఎక్కువగా సంకోచిస్తుంది కనుక ఆ రెంటినీ ఎవరూ కలిపి అతకరు గానీ, ఒకే జాతి గాజులో కూడా రంగుకూ రంగుకూ ఎంతో కొంత తేడా ఉంటుంది. దానికి తోడు, చేసిన వస్తువును వెంటనే బయటపెడితే పైపొర ముందు బిగిసి, లోపలి భాగం తరువాత బిగిసి, రెంటి మధ్యా లాగులాట మిగిలిపోతుంది. అది పోవాలంటే విద్యుత్ బట్టీలో, మెత్తని గాజునైతే 500 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కొంతసేపు నిలిపి, నిదానంగా చల్లార్చాలి. ఈ చల్లార్పులో తొందరపడితే వస్తువు ఆ రోజు పగలకపోవచ్చు, మూడు వారాలకో మూడేళ్లకో పగలవచ్చు.

ఇంట్లోనే దీన్ని పరీక్షించే పద్ధతి ఒకటుంది, కొన్నవారికి పనికొస్తుంది కనుక వివరంగా చెబుతాను. ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలను కంటి ముందు పట్టుకుని, తెర నల్లబడేదాకా మెల్లగా తిప్పాలి. ఇప్పుడు ఆ తెరకూ కళ్లద్దానికీ మధ్య గాజు వస్తువును పెడితే, లాగులాట లేని భాగం నల్లగానే ఉండిపోతుంది, ఉన్న భాగం తెల్లగా వెలుగుతుంది. వెలుతురు దాటనివ్వని రంగుల దగ్గర ఈ పరీక్ష సాగదు. పగిలిన టమాటాలో తొడిమ చుట్టూ వెలుగు వలయం స్పష్టంగా కనిపించింది. ఫోటో తీసి పంపితే ఆమె వాదించకుండా మరొకటి చేసి పంపింది, కొత్తదాన్ని అలాగే పట్టి చూస్తే వలయం దాదాపు లేదు. మిగిలిన వాటినీ చూశాను, నిమ్మచెక్క నల్లగా, నిశ్చింతగా ఉంది. మార్పిడి విషయంలో ఫిర్యాదు లేదు. ఏ జాతి గాజు వాడారో, బట్టీలో చల్లార్చారో లేదో అమ్మకపు వివరాల్లో ఒక్క ముక్కా రాయకపోవడం మీద మాత్రం ఉంది, అడిగితేనే చెప్పారు.

ఇక రొట్టెముక్క. కష్టం దాని మీదే ఎక్కువ పడిందని చూడగానే తెలుస్తుంది: అంచు పొరకు మూడు రకాల గోధుమ రంగులు, లోపలి భాగంలో వందల కొద్దీ రంధ్రాలు, మెరుపు చావడానికి పైన ఆమ్లంతో చేసిన మసక. ఇంత చేసినా అది తడిసిన సబ్బు బిళ్లలా ఉంది. పొడిగా, గుల్లగా ఉన్న వస్తువు మీద పడిన వెలుతురు లోపలికి పోదు, పైపైనే చిందరవందరగా చెదిరి తిరిగి వస్తుంది. గాజుకు ఆ గుణం లేదు, మసక పెడితే మంచు పట్టిన కిటికీ అవుతుందే తప్ప రొట్టె కాదు. ఒక చూపుకు తేమ కనిపించిన క్షణంలోనే రొట్టె అన్న భ్రమ పోతుంది.

అలాగని మెరుపు లేని వస్తువు గాజుకు ఎన్నడూ లొంగలేదనుకుంటే పొరపాటే. డ్రెస్డెన్ దగ్గర పనిచేసిన లియోపోల్డ్, రుడాల్ఫ్ బ్లాష్కా అనే తండ్రీకొడుకులు 1887 నుంచి 1936 వరకు హార్వర్డ్ విశ్వవిద్యాలయం కోసం సుమారు 780 జాతుల మొక్కలకు 4,300 వరకు గాజు నమూనాలు చేశారు, వాటిలో నూగు ఉన్న ఆకులు, పొడిబారిన కాడలు, రుడాల్ఫ్ చివరి దశలో చేసిన తెగుళ్లు సోకి కుళ్లిన పండ్లు కూడా ఉన్నాయి. అయితే వారు గాజు ఒక్కదానితోనే సరిపెట్టుకోలేదు. లోపల తీగ పెట్టారు, జిగురు వాడారు, తొలి రోజుల్లో గాజు మీద రంగులు పూశారు, తరువాత రుడాల్ఫ్ రంగు గాజును తానే తయారు చేసుకుని, పొడి చేసి ఎనామెల్‌లా, అంటే పూసి కాల్చి అతుక్కునేలా చేసే పూతగా వాడాడు. మొక్కల కంటే ముందు ఆ కుటుంబానికి పేరు తెచ్చినవి జెల్లీచేపలు, సముద్రపు ఎనిమోన్ల వంటి మెత్తని జీవుల నమూనాలు. సారాయిలో నిల్వ ఉంచితే రంగూ రూపమూ పోయే ఆ జీవులు గాజులో సజీవంగా నిలిచాయి. అంటే వారు కూడా తడి ఉన్నచోట గాజును నమ్ముకున్నారు, పొడి ఉన్నచోట వేరే సాయం తీసుకున్నారు. నేను కొన్న సెట్టు మీద "గాజు తప్ప మరేదీ లేదు" అని గొప్పగా రాసి ఉంది. నిమ్మచెక్కకు అది నిజంగా గొప్పే, రొట్టెముక్కకు మాత్రం ఆ పంతమే శత్రువైంది.

వాడకంలో కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఎరుపు, పసుపు రంగు గాజుల్లో కాడ్మియం ఉండే అవకాశం ఉంది కనుక వీటిని తినే పదార్థాల మధ్య అలంకరణగా కూడా పెట్టవద్దు. మెత్తని బ్రష్షుతో దుమ్ము తీసి, గోరువెచ్చని సబ్బునీటిలో కడిగితే చాలు, వేడి నీటి జోలికి పోకూడదు. నేరుగా ఎండ పడే కిటికీ దగ్గర ఉంచకపోవడం మరీ ముఖ్యం, గుండ్రని గట్టి గాజు భూతద్దంలా ఎండను ఒకచోట చేర్చి పక్కనున్న కాగితాన్నో గుడ్డనో కాల్చగలదు. టమాటాను తెల్ల కాగితం మీద పెట్టి చూసినప్పుడు పడ్డ ఆ వెలుతురు చుక్క వేలికి చురుక్కుమంది.

ప్యాకింగ్ విషయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు, ఒక్కొక్కటీ స్పాంజిలో తన ఆకారానికి కోసిన గుంటలో కదలకుండా వచ్చింది. చేత్తో చేసినవేనా అన్న అనుమానం ఉన్నవారికి: అచ్చులో పోసిన గాజుకు చాలాసార్లు రెండు సగాలు కలిసే గీత ఎక్కడో ఒకచోట కనబడుతుంది, వీటిలో ఒక్కదానికీ అది లేదు.

సెట్టుగానే కొనాలని నియమం లేదట, విడిగా కూడా చేసి ఇస్తామని టమాటా మార్పిడి సందర్భంలో ఆమె చెప్పింది, అది ముందే తెలిసి ఉంటే నేను నాలుగింటినే తెప్పించుకునేవాణ్ణి. ఇప్పుడు సగానికి కోసిన ద్రాక్షపండు చేయగలరా అని అడిగాను, ప్రయత్నిస్తానంది. రొట్టెముక్క నా బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా ఉంది.